డోనర్లకు పేదరికం గురించి రాయడం ఎలా: ఫోటోలో ఉన్న మనిషి కూడా వినగలిగేలా

విదేశీ సంస్థకు పంపాల్సిన చందాల అప్పీలో, కేస్ స్టడీయో, "సక్సెస్ స్టోరీ"యో రాసే పని మీ నెత్తిన పడిందా? అయితే ఇది మీ కోసమే. అనంతపురంలోనో ఆదిలాబాద్‌లోనో ఫీల్డ్ ఆఫీసులో రిపోర్టులు రాసేవాళ్లు, హైదరాబాద్‌లో కమ్యూనికేషన్స్ పని చూసేవాళ్లు, డాలస్‌లోనో లండన్‌లోనో ఉండి సొంతూరి కోసం చందాలు పోగుచేసే మనవాళ్లు, అందరూ చేసేది ఒకటే పని. ఒకచోట బతుకుతున్న మనుషుల గురించి, వాళ్లను ఎన్నడూ చూడని మనుషులకు నాలుగు పేరాల్లో చెప్పి డబ్బు అడగడం.

క్రిస్మస్ చందాల సీజన్‌కు మూడు నాలుగు నెలల ముందే హెడ్ ఆఫీసు నుంచి మెయిల్ వస్తుంది. "ఒక పాప కథ కావాలి, మంచి ఫోటో ఉండాలి, కొంచెం ఎమోషనల్‌గా ఉండాలి." అసలు అర్థం మెయిల్లో రాయరు గానీ అందరికీ తెలుసు. పాప నవ్వకూడదు, కాళ్లకు చెప్పులుండకూడదు, వెనక గోడ పెచ్చులూడి ఉండాలి. విచిత్రమేమిటంటే ఇలా చేయొద్దని ఆ సంస్థలే ఎప్పుడో రాసి పెట్టుకున్నాయి. యూరప్ స్వచ్ఛంద సంస్థలు 1989లోనే ఫోటోల మీద, సందేశాల మీద ఒక నియమావళి తెచ్చుకున్నాయి. 2006లో వాళ్ల సమాఖ్య కాంకార్డ్ దాన్ని కొత్తగా రాసింది. కాగితం మీద అంతా బాగానే ఉంది. డిసెంబరు దగ్గరపడి టార్గెట్ గుర్తొచ్చేసరికి మళ్లీ చెప్పుల్లేని పాపే కావాలి.

కింద చెప్పే పద్ధతి మొత్తానికి ఒకటే పరీక్ష. మీరు రాసినదాన్ని ఫోటోలో ఉన్న మనిషి ఎదుట కూర్చుని, ఆమె భాషలో, ఆమె తోటికోడలు కూడా వింటుండగా, మొదటి నుంచి చివరి దాకా చదవగలగాలి. ఎక్కడ మీకు నోరు రాదో ఆ వాక్యం కొట్టేయండి.

1. ముందు పాత అప్పీళ్లు బయటికి తీయండి

మీ సంస్థ గత ఐదేళ్లలో పంపిన అప్పీళ్లు ప్రింటు తీసి టేబుల్ మీద పరవండి. ఒక ఎర్ర పెన్ను, ఒక నీలం పెన్ను చాలు. ప్రతి వాక్యంలో పని చేస్తున్నది ఎవరో చూడండి. సంస్థో దాతో చేస్తుంటే ఎర్ర గీత. ఆ ఊరివాళ్లు చేస్తుంటే నీలం గీత. "ఏడవడం", "ఎదురుచూడడం", "బాధపడడం" పనుల కింద లెక్క కాదు.

చాలా అప్పీళ్లలో నీలం గీత ఒకటి కూడా పడదు. సంస్థ బావి తవ్వింది, దాత చదివించాడు, మీరు ఆదుకున్నారు. ఊరివాళ్లు ఏం చేశారంటే, కృతజ్ఞతలు చెప్పారు.

దీని వల్ల ఏం జరుగుతుందో బ్రిటన్‌లో చూశారు. 1984 అక్టోబరు 23న బీబీసీలో మైకేల్ బర్క్ ఇథియోపియాలోని కోరెం నుంచి కరువు వార్త చెప్పాడు. మొహమ్మద్ అమీన్ తీసిన ఆ దృశ్యాలు ప్రపంచాన్ని కుదిపేశాయి. 1985 జూలై 13న లండన్‌లో, ఫిలడెల్ఫియాలో లైవ్ ఎయిడ్ కచేరీలు జరిగాయి, కోట్ల కొద్దీ డబ్బు పోగైంది. ఆ డబ్బు ప్రాణాలు నిలబెట్టింది, కాదనను. కానీ అది జరిగిన 16 ఏళ్లకు విఎస్ఓ అనే సంస్థ బ్రిటిష్ ప్రజలను అడిగితే, వర్ధమాన దేశాలు అనగానే 80 శాతం మందికి గుర్తొచ్చినవి కరువు, విపత్తు, పాశ్చాత్య సాయం. శక్తిగల దాత ఒకవైపు, చేయి చాచి దండం పెట్టే గ్రహీత ఇంకోవైపు: జనం మెదళ్లలో మిగిలిపోయిన బొమ్మ ఇదేనని ఆ అధ్యయనం తేల్చింది. ఎర్ర గీతలు ముప్పై నలభై ఏళ్లు పోగైతే వచ్చేది ఆ బొమ్మే.

2. కారణం రాయండి

"వానలు పడలేదు, పంటలు పోయాయి, ఆకలి మిగిలింది" అని రాయడం తేలిక. వాన మీద నెపం వేస్తే ఎవరికీ కోపం రాదు. ఇథియోపియాలో వాన లేకపోవడం నిజమే. దాంతోపాటు యుద్ధం కూడా ఉంది. డెర్గ్ సైనిక ప్రభుత్వం టిగ్రే, ఎరిత్రియా తిరుగుబాటుదారులతో పోరాడుతూ ఆ ప్రాంతాలకు తిండి అందకుండా చేసింది, జనాన్ని బలవంతంగా దక్షిణానికి తరలించింది. చందాల ప్రచారంలో ఇవేవీ పెద్దగా వినిపించలేదు. అప్పట్లో కరువు చందాల కోసం పాడగా మోగిపోయిన క్రిస్మస్ పాటను బట్టి చూస్తే ఆ ఖండంలో నదులే లేవనుకోవాలి. నీలి నైలు పుట్టేది ఇథియోపియాలోని టానా సరస్సులోనే.

మన దగ్గర ఇంతకన్నా పాత ఉదాహరణ ఉంది. 1876-78 నాటి ధాత కరువులో బళ్లారి, కడప, కర్నూలు జిల్లాలు అల్లాడిపోయాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి, ఎముకల మీద చర్మం తప్ప ఏమీ మిగలని మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. కరువు సాయానికి లండన్‌లో పెద్ద ఎత్తున చందాలు లేచాయి. ఆ ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి, చూడండి. కరువులోనూ రైళ్ల మీద ధాన్యం ఎగుమతి అవుతూనే ఉందని వాటిలో ఎక్కడా కనబడదు. కరువు పనులకు కూలి కట్టిన బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ లెక్క ప్రకారం రోజంతా రాళ్లు కొట్టిన మగమనిషికి దక్కింది ఒక పౌను ధాన్యం, ఒక అణా అనీ కనబడదు. ఫోటో డొక్కలను చూపిస్తుంది. ఆ డొక్కల వెనకున్న ఉత్తర్వును మనం రాస్తే తప్ప ఎవరికీ తెలియదు.

కాబట్టి కథ రాసే ముందు "ఎందుకు?" అని నాలుగైదుసార్లు అడగండి. పిల్ల బడి మానేసింది. ఎందుకు? తల్లి వలస వెళ్లింది. ఎందుకు? బోరు ఎండింది, అప్పు మిగిలింది. కౌలు రైతు కాబట్టి బ్యాంకు లోను రాలేదు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నారు. ఇక్కడికి వచ్చాక మీకు రాయడానికి ఒక విషయం దొరికినట్టు. కౌలు రైతుకు బ్యాంకు లోను ఎందుకు రాదో రెండు వాక్యాల్లో చెబితే బర్మింగ్‌హామ్‌లో ఉన్న రిటైర్డ్ టీచరుకు అర్థం కాకపోదు. దాతలకు బుర్ర తక్కువ అనే లెక్కన మనం రాస్తున్నామేమోనని నాకు ఎప్పటి నుంచో అనుమానం.

3. ఫోటోకి అడిగే తీరు మార్చండి

ఇక్కడ తొందరపడొద్దు. చాలా సంస్థల్లో కన్సెంట్ ఫారం ఉంటుంది, దాని మీద వేలిముద్రో సంతకమో ఉంటుంది, ఆడిట్‌కు అది చాలు. మనకు చాలదు.

ఫీల్డులో సాధారణంగా జరిగేది ఇది. దుప్పట్లనో బియ్యాన్నో పంచుతుంటారు. పంచే మనిషే ఫోన్ తీసి "అమ్మా, ఒక ఫోటో తీసుకుంటాం, పర్లేదా?" అంటాడు. ఆమె కొంగు సర్దుకుని "మీరెట్లంటే అట్ల సార్" అంటుంది. దీన్ని ఒప్పుకోవడం అనలేం. కాదంటే వచ్చే నెల లిస్టులో పేరు ఉంటుందో లేదోనని ఆమె భయం. ఆ భయం తీరేలా అడగాలంటే కొన్ని పనులు చేయాలి.

పంపిణీ చేసే రోజు ఫోటో అడగొద్దు. వేరే రోజు, వేరే మనిషి అడగాలి. వీలైతే ఆ ఊరి సంఘంలోని ఆడవాళ్లలో ఒకరితో అడిగించండి. "మీరు వద్దన్నా మీకొచ్చేది మీకొస్తుంది" అనే మాట ముందే చెప్పండి, రెండుసార్లు చెప్పండి. మీ సంస్థ పాత పోస్టరో వెబ్ పేజీయో ఫోన్లో తెరిచి "మీ ఫోటో ఇలా వస్తుంది, పక్కన ఇలా రాస్తాం" అని చూపించండి. ఫారెన్‌లో వేస్తారు, ఇక్కడెవరూ చూడరు అని మాత్రం ఎప్పుడూ చెప్పొద్దు. ఇవాళ వాట్సాప్‌లో ఏదైనా ఊరికి తిరిగొస్తుంది. "మీ కూతురి అత్తగారింట్లో కూడా చూడొచ్చు, ఫర్వాలేదా?" అని అడిగి చూడండి. అప్పటిదాకా తల ఊపిన మనిషి ఒక్క క్షణం ఆగుతుంది. నిజమైన సంభాషణ మొదలయ్యేది ఆ ఆగిన చోటే. భర్త తాగుడు గురించి రాయొద్దంటుంది, అప్పు ఎంతో వేయొద్దంటుంది, లేదంటే ఫోటో తీయండి గానీ కొత్త చీర కట్టుకొస్తానంటుంది. కట్టుకు రానివ్వండి. "అలా అయితే పేదగా కనిపించరు" అని మీ ఫోటోగ్రాఫర్ గొణిగితే ఆయనకు టీ ఇప్పించి కాసేపు పక్కన కూర్చోబెట్టండి.

వారం తర్వాత ఫోన్ చేసి మళ్లీ అడగండి. మనసు మారితే ఎవరికి చెప్పాలో ఒక నంబరు తెలుగులో రాసి చేతికివ్వండి. పలకరింపులో "నువ్వు" అనే అలవాటు మన ఫీల్డ్ స్టాఫ్‌లో చాలామందికి ఉంది. అవతలి మనిషి పేద అయితే చాలు, వయసుతో పని లేకుండా వచ్చేస్తుంది. "మీరు" అని మొదలుపెట్టించండి. ఇంటర్వ్యూ సగం అక్కడే బాగుపడుతుంది.

పిల్లల విషయంలో చట్టం కూడా ఉంది. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు. లైంగిక హింస కేసుల్లో పోక్సో చట్టం అడ్డుపడుతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్ల వివరాలకు 2017 చట్టం ఉంది. పేరు మార్చి ముఖం చూపిస్తే సరిపోతుందనుకోవద్దు. ముఖం మసకబార్చి ఊరి పేరు, బడి పేరు, తండ్రి వృత్తి రాసినా అంతే. ఆ ఊళ్లో ఎవరైనా పోల్చుకుంటారు.

కెమెరా వాళ్ల చేతికే ఇచ్చే దారి కూడా ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు వీడియో తీయడం నేర్చుకుని తమ విత్తనాల గురించి, పంటల గురించి తామే సినిమాలు తీశారు. 2008 నుంచి మాచనూరులో సంఘం రేడియో కూడా వాళ్లే నడిపారు. వాళ్లు తీసిన వీడియోల్లో చేను ఉంటుంది, విత్తనాల బుట్ట ఉంటుంది, వాదన ఉంటుంది. కళ్లలో నీళ్లు తెప్పించాలనే తాపత్రయం మాత్రం ఉండదు.

4. ప్రశ్నలు

"చాలా కష్టాలు పడ్డారు కదమ్మా?" అని అడిగితే "అవునయ్యా" అంటారు. మర్యాద కోసం అంటారు. మీ మొహం చూసి మీకేం కావాలో కనిపెట్టి అది ఇస్తారు. ఏళ్ల తరబడి సర్వేలకు జవాబులు చెప్పి చెప్పి జనానికి ఆ నేర్పు వచ్చేసింది.

ఇలా అడిగి చూడండి. ఈ ఏడు ఏం వేశారు, అది వేద్దామని ఇంట్లో ఎవరన్నారు? చేతిలో డబ్బు లేనప్పుడు మొదట ఎవరి దగ్గరికి వెళ్తారు? ఈ పదేళ్లలో ఊళ్లో ఏం మారింది, ఏం మారలేదు? మా సంస్థ చేసిన పనుల్లో మీకు పనికిరానిదేది? ఆఖరి ప్రశ్నకు వెంటనే జవాబు రాదు. టీ తాగాక వస్తుంది.

5. మార్పు ఎవరు తెచ్చారో పేరు పేరునా చెప్పండి

ప్రపంచంలో అతి పేదల వాటా గత 20 ఏళ్లలో పెరిగిందా, తగ్గిందా, అలాగే ఉందా? 2017లో గ్యాప్‌మైండర్ సంస్థ 14 దేశాల్లో 12,000 మందిని ఈ ప్రశ్న అడిగింది. దాదాపు సగానికి తగ్గిందన్న సరైన జవాబు చెప్పింది 7 శాతం మందే. కళ్లు మూసుకుని ఏదో ఒకటి చెప్పినా మూడింట ఒకరికి తగలాలి కదా! ఐదేళ్ల లోపు పిల్లల మరణాలు 1990లో ప్రతి వెయ్యికి 93 ఉంటే 2022కి 37కు దిగాయి. ఇవి చిన్న వార్తలు కావు. చందాలడిగే మనమే ఏటా "ఇంకా ఘోరంగా ఉంది" అని రాస్తూ పోతే, జనం ఏమనుకుంటారు? ఎంతిచ్చినా అంతే, చిల్లుకుండలో నీళ్లే అనుకుంటారు. ఇవ్వడం మానేస్తారు.

అలాగని మార్పు మొత్తం మన ఖాతాలో వేసుకోవడం కూడా తప్పే. మార్పు కథ ఎలా రాయాలో నేర్చుకోవడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ నారికురుపు. రాయలసీమ పల్లెల్లో పెద్దవాళ్లనడిగితే ఇప్పటికీ చెబుతారు. దిగుడు బావిలో నీళ్లు తాగితే ఒంట్లోకి చేరే పురుగు, ఏడాది తిరిగాక కాలిలోంచి పొక్కై, మూరెడు పొడుగు దారంలా బయటికొస్తుంది. పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి, తెగితే ఇంకా ప్రమాదం. ఆ నొప్పితో పొలం పని బందయిపోయేది. దీనికి టీకా లేదు, మందు లేదు. అయినా 1996లో రాజస్థాన్‌లో కనబడిన కేసే దేశంలో చివరిది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌కు సర్టిఫికెట్ ఇచ్చింది. ప్రపంచమంతటా 1986లో 35 లక్షల కేసులుండేవి, ఈ మధ్య ఏడాదికి 20 లోపే.

దీన్ని "దాతల దయతో ఒక భయంకర వ్యాధి అంతమైంది" అని ఒక్క ముక్కలో రాయొచ్చు. అలా రాస్తే నిజం మొత్తం ఎగిరిపోతుంది. మన దేశంలో అది 1980ల్లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం. జనం నీళ్లలోకి దిగకుండా దిగుడు బావులను మామూలు చేదబావులుగా మార్చారు, చేతిపంపులు వేశారు. ఆడవాళ్లు నీళ్లు బట్టలో వడగట్టడం మొదలుపెట్టారు. ఆరోగ్య కార్యకర్తలు ఊరూరా తిరిగి కురుపున్నవాళ్లను వెతికారు. కురుపున్న మనిషి బావిలోకి దిగకుండా ఊరే కాపలా కాసింది. బయటి సాయం కూడా తన వంతు చేసింది. ఇలా ఎవరి వాటా వాళ్లకు పంచి రాస్తే, పాఠకుడికి రెండు సంగతులు తెలుస్తాయి: ఇది జరిగే పనే అని, తను ఇచ్చే డబ్బు ఇందులో ఎక్కడ పడుతుందో అని.

మీ కథలోనూ అలాగే వెతకండి. ఆ ఇంటికి ఉపాధి హామీ డబ్బులు వచ్చాయా? ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. పింఛను వస్తోందా, పొదుపు సంఘం లోను ఇచ్చిందా, అంగన్‌వాడీ టీచరు వెంటపడి పిల్లను బడికి పంపిందా? అవన్నీ తీసేసి మన కుట్టు మిషను ఒక్కటే మిగిల్చిన సక్సెస్ స్టోరీలు ఎన్నో చదివాను. కుట్టు మిషన్‌కు అంత శక్తి ఉంటే ఈపాటికి దేశం ఎక్కడో ఉండేది.

6. ఒక పేరా తిరగరాసి చూడండి

ఊహించి రాసిన మనిషే, పేరు లక్ష్మమ్మ అనుకుందాం. మామూలుగా వెళ్లే అప్పీలు ఇలా ఉంటుంది:

"కరువు కోరల్లో చిక్కుకున్న మారుమూల పల్లెలో లక్ష్మమ్మ బతుకు చీకటిమయం. తినడానికి తిండి లేదు. ఆమె పిల్లల కళ్లలో ఆకలి తప్ప ఏమీ లేదు. మీరు తప్ప ఆమెకు దిక్కు లేదు. మీరిచ్చే 20 పౌండ్లు ఆమె జీవితాన్నే మార్చేస్తాయి."

దీన్ని లక్ష్మమ్మ ఎదుట చదవగలరా? "దిక్కు లేదు" దగ్గర ఆమె మొగుడు లేచి వెళ్లిపోతాడు. ఇప్పుడు ఇది చూడండి:

"లక్ష్మమ్మకు మూడెకరాల మెట్ట ఉంది. వేరుశనగ వేస్తుంది. గత నాలుగేళ్లలో రెండుసార్లు, సరిగ్గా ఊడలు దిగే సమయానికి వాన ముఖం చాటేసింది. కాయ రాలేదు, విత్తనాల అప్పు మిగిలింది. నిరుడు ఆమె, సంఘంలోని మరికొందరు కలిసి వేరుశనగలో కంది, కొర్ర సాళ్లు వేశారు. వేరుశనగ సగమే వచ్చినా కంది, కొర్ర చేతికొచ్చాయి. కొర్రల పొట్టు తీయించడానికి వాళ్లు ఇప్పుడు దూరంగా ఉన్న టౌనుకు మోసుకెళ్తున్నారు. ఊళ్లోనే మర పెట్టుకోవాలని సంఘం నిర్ణయించింది. సగం డబ్బు వాళ్ల పొదుపులోంచి పెడుతున్నారు. మిగతా సగం కోసం మిమ్మల్ని అడుగుతున్నాం."

బాధ ఇందులోనూ ఉంది, దాన్ని దాచలేదు. కాయ రాకపోవడం, అప్పు మిగలడం ఎంత కష్టమో ఎవరికైనా తెలుస్తుంది. కానీ దాత ఇక్కడ దేవుడు కాదు, సగం పెట్టుబడి పెట్టే భాగస్వామి.

"మీరిచ్చే ప్రతి రూపాయీ నేరుగా పేదలకే" అనే మాట కూడా తీసేయండి. జీపుకు డీజిలు, అకౌంటెంటుకు జీతం, ఆడిట్ ఫీజు ఎవరో ఒకరు కట్టాలి. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద వచ్చిన డబ్బులో ఆఫీసు ఖర్చు 20 శాతం దాటకూడదు. దాటలేదని చెప్పండి, ఆ ఖర్చు దేనికో చెప్పండి. లేదన్నట్టు నటించొద్దు.

7. "ఇలా అయితే డబ్బులు రావు" అనే బాస్‌కు ఏం చెప్పాలి

ఆ భయం ఉత్తిదేం కాదు. ఏడుపు ఫోటోకు డబ్బులొస్తాయి. అయితే ఫండ్ రైజింగ్ వాళ్లు తరచూ చెప్పే ఒక ప్రయోగాన్ని సరిగా చదవాలి. 2007లో అచ్చయిన అమెరికా పరిశోధన అది. సర్వే నింపినందుకు కొందరికి ఐదు డాలర్లిచ్చి, అందులోంచి సేవ్ ది చిల్డ్రన్‌కు ఎంతిస్తారని అడిగారు. ఆఫ్రికాలో ఆకలి గురించి అంకెలు చదివినవాళ్లు సగటున 1.14 డాలర్లిచ్చారు. మాలిలోని రోకియా అనే ఏడేళ్ల పాప గురించి చదివినవాళ్లు 2.38 డాలర్లిచ్చారు. పాప కథకు అంకెలు కూడా జోడిస్తే 1.43కు పడిపోయింది.

దీన్ని చూపించి "అందుకే ఏడిపించాలి" అంటారు. ఆ ప్రయోగం పోల్చింది మనిషినీ అంకెలనూ. ఏడుస్తున్న మనిషినీ, పని చేస్తున్న మనిషినీ పోల్చలేదు. దాన్నుంచి మనం తీసుకోవాల్సింది ఒకటే: ఒక మనిషి గురించి చెప్పండి, అదే పేరాలో అంకెలు కుమ్మరించకండి. ఆ మనిషి లక్ష్మమ్మలా తలెత్తుకుని ఉండొచ్చు.

వాదించే బదులు మీ లిస్టులోనే పరీక్ష పెట్టండి. దాతల మెయిల్ లిస్టును లాటరీ తీసినట్టు, ఏరకుండా రెండు భాగాలు చేసి, సగానికి పాత తరహా అప్పీలు, సగానికి కొత్తది పంపండి. రెంటి ఫలితాన్నీ ఆ వారం వచ్చిన మొత్తంతో తేల్చేయకండి. ఏడాది తర్వాత మళ్లీ ఇచ్చినవాళ్లెందరు, నెలనెలా ఇచ్చేవాళ్లుగా మారినవాళ్లెందరు, లిస్టులోంచి తప్పుకున్నవాళ్లెందరు అని చూడండి. బాస్‌కు మీ మాట కన్నా ఆ ఎక్సెల్ షీటే బాగా ఎక్కుతుంది.

పాత తరహాకు ఖర్చు కూడా ఉందని గుర్తు చేయండి. 2012లో నార్వే విద్యార్థుల సంస్థ ఎస్ఏఐహెచ్ ఒక వీడియో వదిలింది. చలికి వణికే పాపం నార్వే జనం కోసం ఆఫ్రికావాళ్లు హీటర్లు పోగుచేసి పంపుతుంటారు అందులో. లక్షలమంది చూసి నవ్వుకున్నారు, నవ్వింది సహాయ సంస్థలను చూసే. 2019లో కామిక్ రిలీఫ్ అనే బ్రిటన్ చందాల సంస్థ తరఫున ఉగాండా వెళ్లిన ఒక టీవీ వ్యాఖ్యాత పిల్లాణ్ని ఎత్తుకుని ఫోటో పెడితే, అక్కడి ఎంపీ డేవిడ్ లామీ బహిరంగంగా తప్పుపట్టాడు. మరుసటి ఏడాది ఆ సంస్థ, చందాల సినిమాల కోసం సెలబ్రిటీలను ఆఫ్రికాకు పంపడం మానేస్తామని ప్రకటించింది. మనవాళ్లు కూడా అమెరికా నుంచి సెలవులకొచ్చి అనాథాశ్రమంలో పుట్టినరోజు కేకు కోసి, పిల్లల మధ్య నిలబడి ఫోటో దిగుతుంటారు. అదీ ఇదీ ఒకటే.

8. తుఫాను వచ్చినప్పుడు

రాత్రికి రాత్రి అప్పీలు పంపాల్సి వస్తే పైన చెప్పినవన్నీ చేయడానికి టైం ఉండదు. అందుకే ముందే రెడీగా పెట్టుకోండి: గుర్తింపు తెలియని విశాలమైన దృశ్యాలు, పునరావాస కేంద్రంలో వంట చేస్తున్నవాళ్లు, పడవలతో జనాన్ని దాటించే మత్స్యకారులు. శవాలు వద్దు. ఒంటి మీద సరిగా బట్టల్లేని మనుషులు వద్దు. తప్పిపోయిన పిల్లల ముఖాలు అసలే వద్దు. వాళ్ల మీద కన్నేసేవాళ్లు అప్పీళ్లు చదవరనుకోవద్దు.

తుఫాను వార్తలో మార్పు గురించి కూడా ఒక వాక్యం పడుతుంది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. 1990 మే నెలలో దాదాపు అంతే తీవ్రమైన తుఫాను అదే కోస్తాను కొట్టినప్పుడు చనిపోయినవాళ్లు వెయ్యికి లోపే. మధ్యలో హెచ్చరికల వ్యవస్థ వచ్చింది, తుఫాను షెల్టర్లు వచ్చాయి, లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. ఈసారి మీరడిగే డబ్బు ఆ దారిలో ఏ పనికి పోతుందో చెప్పండి.

9. పంపాక చేయాల్సిన పని

చాలా సంస్థల్లో ఫోటో సర్వర్‌లోకి వెళ్లాక ఇక దాన్ని పట్టించుకునే నాథుడుండడు. పదేళ్ల నాటి పాప ఇంకా అదే చిరిగిన గౌనులో బ్రోషర్ల మీద తిరుగుతుంటుంది. ఈలోగా ఆ పాప బీటెక్ చదువుతుంటుంది. పిల్లల స్పాన్సర్‌షిప్ నడిపే చోట ఇది మరీ ముఖ్యం. విసెంటె ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్)కి దశాబ్దాలుగా స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు పిల్లల పేరిట డబ్బు పంపాయి. అలాంటి పథకాల్లో చదువుకున్న ఒక తరం ఇప్పుడు ఉద్యోగాల్లో ఉంది, గూగుల్‌లో తమ పేరు తామే వెతుక్కోగలదు. తొమ్మిదేళ్లప్పుడు తల్లి ఒప్పుకున్న ఫోటోకు పద్దెనిమిది నిండాక ఆ పిల్లనే మళ్లీ అడగాలి.

ఫైలు పేరులోనే తీసిన తేదీ, ఒప్పుకున్న తేదీ, గడువు పెట్టండి. మూడేళ్లు చాలు, ఆపైన మళ్లీ అడగాలి లేదా తీసేయాలి. వద్దన్న అంశాలు ఫోటోతో పాటే నోటులో ఉండాలి, లేకపోతే లండన్‌లో డిజైనర్‌కు తెలియదు. హెడ్ ఆఫీసు శీర్షిక మార్చే హక్కు తనకుందని అంటుంది. మార్చుకోవచ్చు, మార్చాక మీకు చూపించకుండా అచ్చుకు పంపకూడదని ముందే మెయిల్లో రాయించుకోండి. అచ్చయిన కాపీ ఒకటి ఆ ఊరికి పంపించమని బడ్జెట్‌లోనే వేయించండి. పోస్టు ఖర్చు ఎంతో కాదు. తీసుకెళ్లేది మాత్రం మీరే అయితే మంచిది, కూర్చుని తెలుగులో చదివి చెప్పాలి కదా. విన్నాక వాళ్లు ఏమన్నారో ఆ రోజే రాసుకుని, తర్వాతి అప్పీలు ఫైల్లో మొదటి పేజీగా పెట్టండి.